నొప్పులకు ముందా, వెనకా? కాన్పులో ఇన్‌ఫ్లమేషన్ పాత్రపై సింహావలోకనం

సుశ్రుత సంహిత నిదానస్థానంలో ఎనిమిదో అధ్యాయం మూఢగర్భం గురించినది. కాన్పు ఎలా చెడుతుందో చెప్పబోయే ముందు, అసలు కాన్పు ఎందుకవుతుందో అక్కడ రెండే ముక్కల్లో ఉంది. పండిన పండు కాలం వచ్చాక తనంతట తానే తొడిమ వదిలినట్టు, గర్భంలోని శిశువు కూడా బంధం వీడి బయటపడుతుంది. అదే పండు పురుగు పట్టినా, గాలి విసిరినా, దెబ్బ తగిలినా అకాలంలో రాలుతుంది. గర్భం జారడమూ అలాగే. సుశ్రుతుడికి సూక్ష్మజీవులు తెలుసని నిరూపించబోవడం లేదు, ఆ పని చేసేవాళ్లు చాలామందే ఉన్నారు. నాకు ఆసక్తి కలిగించేది ఆ రెండు రాలుళ్లనూ ఆయన పక్కపక్కన పెట్టడం. ఇరవయ్యో శతాబ్దపు ప్రసూతి శాస్త్రం వాటిని విడదీసింది. పండి రాలడాన్ని హార్మోన్ల వాళ్లకూ, పురుగు పట్టి రాలడాన్ని ఇన్‌ఫెక్షన్ల వాళ్లకూ పంచిపెట్టింది. రెండు చోట్లా తొడిమ దగ్గర పనిచేసేది దాదాపు ఒకే కణాల దండు అని ఒప్పుకోవడానికి 1980ల దాకా పట్టింది.

హిపోక్రటీస్ పేరున చలామణీ అయ్యే గ్రంథాలు చొరవంతా బిడ్డకే ఇచ్చాయి: లోపల తిండి చాలక బిడ్డ తన్నుకుని, పొరలు చించుకుని వస్తుంది. ఈ ఊహ మరీ తీసిపారేయదగ్గది కాదని చాలాకాలం తర్వాత గొర్రెలు చెప్పాయి. మధ్యలోని శతాబ్దాలను ఇక్కడ దాటేయవచ్చు. మంత్రసానుల చేతుల్లో నేర్పు పెరిగింది గానీ, ‘ఇన్నాళ్లూ ఆగిన గర్భసంచి ఇవాళే ఎందుకు కదిలింది?’ అన్నదానికి కొత్త జవాబు రాలేదు.

1906లో లండన్‌లో హెన్రీ డేల్, పిట్యూటరీ గ్రంథి సారం పిల్లి గర్భసంచిని గట్టిగా ముడుచుకునేలా చేస్తుందని చూశాడు. మూడేళ్లకే లివర్‌పూల్‌లో బ్లెయిర్ బెల్ దాన్ని స్త్రీల మీద వాడాడు. అందులోని ఆక్సిటోసిన్ నిర్మాణాన్ని విన్సెంట్ డు విన్యో 1953లో తేల్చి, కృత్రిమంగా తయారుచేసి, 1955లో రసాయన శాస్త్ర నోబెల్ అందుకున్నాడు. నొప్పులు రాకపోతే డ్రిప్‌లో ఆక్సిటోసిన్ పెట్టడం ఇవాళ ఏ ఆసుపత్రిలోనైనా మామూలు. కానీ నొప్పుల్ని పెంచే మందు, నొప్పుల్ని మొదలుపెట్టే కారణం ఒకటే కానక్కర్లేదు. 1996లో ఆక్సిటోసిన్ జన్యువు లేని ఎలుకల్ని తయారుచేస్తే అవి వేళకు చక్కగా ఈనాయి. పాలు చేపలేకపోవడమే వాటికొచ్చిన ఇబ్బంది. పిల్లలు పాలందక చనిపోయాయి.

రెండో అనుమానితుడు ప్రొజెస్టెరాన్. 1929లో అమెరికాలో జార్జ్ కార్నర్, విల్లార్డ్ అలెన్ గర్భాన్ని నిలిపే ఈ పదార్థాన్ని బయటపెట్టారు. 1956లో ఆర్పాడ్ చాపో దాన్ని ఒక సిద్ధాంతంగా మలిచాడు: ప్రొజెస్టెరాన్ గర్భాశయ కండరాన్ని అదుపులో ఉంచుతుంది, ఆ అదుపు సడలితే కాన్పు. ఎలుకలో, కుందేలులో, గొర్రెలో లెక్క సరిపోయింది. మనిషిలో సరిపోలేదు. స్త్రీ రక్తంలో ప్రొజెస్టెరాన్ నొప్పుల ముందు తగ్గదు, కాన్పై మాయ పడేదాకా ఎక్కువగానే ఉంటుంది. ఈ ఒక్క పొసగనితనం యాభై ఏళ్ల పాటు శాస్త్రజ్ఞుల్ని వేధించింది. చివరికి ఇన్‌ఫ్లమేషన్‌ను కథలోకి తెచ్చిన దారుల్లో ఇదొకటి.

ఇక గొర్రెల సంగతి. 1933లో లివర్‌పూల్ వైద్యుడు పెర్సీ మాల్పాస్, మెదడు సరిగా ఏర్పడని శిశువుల్ని మోసిన తల్లుల్లో కాన్పు బాగా ఆలస్యమవుతోందని గమనించి, శిశువు మెదడు, పిట్యూటరీ, అడ్రినల్ గ్రంథులకు కాన్పు వేళతో సంబంధం ఉండవచ్చన్నాడు. కాలిఫోర్నియాలో కొన్ని గెర్న్సీ ఆవులు నెలలు దాటినా ఈనలేదు. దూడల్ని కోసి చూస్తే పిట్యూటరీ లేదు. ఐడహోలో వెరాట్రమ్ అనే అడవి మొక్క తిన్న గొర్రెలు ఒంటికన్ను పిల్లల్ని మోస్తూ గడువు దాటిపోయేవి. పశువుల కాపరులకూ పశువైద్యులకూ తెలిసిన ఈ వింతల్ని ఒక్కచోట చేర్చింది న్యూజిలాండ్‌లోని ఆక్లండ్ ప్రసూతి వైద్యుడు మాంట్ లిగ్గిన్స్. కడుపులో ఉన్న గొర్రెపిల్ల పిట్యూటరీని విద్యుత్తుతో కాల్చేస్తే కాన్పు రాలేదు (1967). కడుపులోని మామూలు పిల్లకు కార్టిసాల్ ఎక్కిస్తే కాన్పు ముందే వచ్చేసింది. గొర్రెలో కాన్పు గడియను పిల్లే నిర్ణయిస్తోంది. హిపోక్రటీస్ పక్షానికి ఒక ఓటు పడినట్టే.

అలా నెలలు తక్కువతో పుట్టిన ఒక గొర్రెపిల్ల, ఊపిరితిత్తులు పనిచేయక వెంటనే చనిపోవాల్సింది, కొంతసేపు ఊపిరి తీసుకుంది. లిగ్గిన్స్ దాన్ని వదిలిపెట్టలేదు. శిశువైద్యుడు రాస్ హౌవీతో కలిసి 282 మంది తల్లులపై బీటామెథాసోన్ పరీక్షించి 1972లో ప్రచురించాడు. శ్వాస ఇబ్బంది 25.8 శాతం నుంచి 9 శాతానికి పడిపోయింది. ఈనాటికీ నెలలు నిండని కాన్పు ఖాయమనిపించినప్పుడు తల్లికిచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఆ గొర్రెపిల్ల పుణ్యమే. కానీ ఆయన మొదట వెతికినది దొరకలేదు. మనిషి మాయకు గొర్రె మాయలా కార్టిసాల్ అందగానే ప్రొజెస్టెరాన్‌ను ఈస్ట్రోజన్ వైపు మళ్లించే ఎంజైమ్ లేదు. స్టెరాయిడ్ ఇస్తే స్త్రీకి నొప్పులు రావు. గొర్రె చెప్పిన జవాబు గొర్రెదే.

ఇదంతా జరుగుతుండగానే పక్క దారిలో మరో పదార్థం నడిచొస్తోంది. 1930లో న్యూయార్క్‌లో కర్జ్‌రాక్, లీబ్ అనే ఇద్దరు, వీర్యం తగిలిన గర్భాశయ కండరపు ముక్క ఒకసారి ముడుచుకుంటోందని, మరోసారి సడలుతోందని రాశారు. స్వీడన్‌లో ఉల్ఫ్ ఫాన్ ఆయిలర్ 1935లో దానికి ప్రోస్టాగ్లాండిన్ అని పేరుపెట్టాడు. దాని అసలు సత్తా తేలింది ఆఫ్రికాలో. నొప్పుల సమయంలో ఉమ్మనీటిలో ప్రోస్టాగ్లాండిన్లు ఉంటాయని కనిపెట్టిన సుల్తాన్ కరీమ్, 1968లో కంపాలాలో సహచరులతో కలిసి దాన్ని నరంలోకి ఎక్కించి కాన్పు మొదలుపెట్టి చూపాడు. ధనిక దేశాల ప్రయోగశాలల మీదే దృష్టి పెట్టే చరిత్రల్లో ఉగాండాకు ఇచ్చే చోటు చిన్నది; ఇవాళ ప్రసూతి వార్డుల్లో నొప్పులు తెప్పించడానికి వాడే జెల్లుకూ మాత్రకూ అక్కడి పనికీ ఉన్న చుట్టరికం చాలా దగ్గరది.

1971లో జాన్ వేన్, ఆస్పిరిన్ పనిచేసేది ప్రోస్టాగ్లాండిన్ తయారీని ఆపడం వల్లేనని చూపించాడు. జ్వరం, నొప్పి, కీళ్లవాపు, వీటన్నిటి వెనకా ఉన్నది ఇదే పదార్థం. మరి కీళ్లవాతానికి ఏళ్ల తరబడి ఆస్పిరిన్ మింగే గర్భిణుల సంగతి? 1973లో లూయిస్, షుల్మన్ పాత రికార్డులు తిరగేసి చూస్తే, వాళ్ల గర్భాలు సగటున ఎక్కువ రోజులు సాగాయి, నొప్పులు కూడా ఎక్కువసేపు పట్టాయి. కాన్పుకూ ఒంటి వాపుకూ రసాయనం ఒకటేనని చెప్పే సాక్ష్యం అప్పుడే చేతికొచ్చింది. అయినా ఎవరూ ఆ మాట సూటిగా అనలేదు. ప్రోస్టాగ్లాండిన్‌ను మరో హార్మోన్‌గా లెక్కేసి ముందుకు సాగారు. అన్నట్టు, నెలలు నిండినా కదలిక లేకపోతే పెద్దవాళ్లు తాగించే ఆముదం కథ కూడా ఇక్కడికే చేరుతుంది. అందులోని రిసినోలిక్ ఆమ్లం, పేగులోనూ గర్భసంచిలోనూ ప్రోస్టాగ్లాండిన్లు వాడుకునే ఒక గ్రాహకాన్నే తట్టి లేపుతుందని 2012లో ఎలుకల్లో తేలింది. ఇంట్లో తాగించమని ఇది సలహా కాదు. విరేచనాలతో సతమతమైన గర్భిణులకు ఆ సంగతి చెప్పక్కర్లేదు.

సూటిగా అన్నవాడు మళ్లీ లిగ్గిన్సే. 1981లో వెలువడిన ఒక సంకలనంలో ఆయన, గర్భాశయ ముఖద్వారం మెత్తబడడం ఒక ఇన్‌ఫ్లమేషన్ ప్రక్రియేనని రాశాడు. జీవితమంతా హార్మోన్ల వెంట తిరిగిన మనిషి రాసిన మాట కావడం వల్ల దానికి బరువెక్కువ. తొమ్మిది నెలలూ బిగించి పట్టుకునే ముఖద్వారం ప్రధానంగా కండరం కాదు, కొల్లాజెన్ నారల కట్ట. కండరం ఎంత ముడుచుకున్నా ఆ కట్ట వదులవకపోతే దారి తెరుచుకోదు. అంతకు ఏడాది ముందే, 1980లో, బ్రెజిల్‌కు చెందిన జున్‌కేరా బృందం కాన్పు సమయంలో తీసిన ముఖద్వారపు ముక్కల్ని సూక్ష్మదర్శినిలో చూసింది. నారలు విడిపోయి ఉన్నాయి, వాటి మధ్య న్యూట్రోఫిల్స్ గుమిగూడి ఉన్నాయి. చీము పట్టిన పుండులోకి ముందుగా పరుగెత్తే తెల్ల రక్తకణాలు, ఏ ఇన్‌ఫెక్షనూ లేని మామూలు కాన్పులో తమ కొల్లాజెన్ కోసే ఎంజైములతో హాజరయ్యాయి. ఆ కణాల్ని పిలిచే ఇంటర్‌ల్యూకిన్-8 ముఖద్వారంలోనే తయారవుతోందని 1990ల మొదట్లో ఎడిన్‌బరోలో రాడ్ కెల్లీ, ఆండ్రూ కాల్డర్ బృందం చూపింది.

ఇంతటితో కథ తేలిపోయిందనుకుంటే పొరపాటు. 2006లో డల్లాస్‌లో టిమన్స్, మాలా మహేంద్రూ, ఎలుకల్లో ముఖద్వారం మెత్తబడేటప్పటికి న్యూట్రోఫిల్స్ ఇంకా రంగంలోకి దిగలేదని చూపారు. వాటి హడావుడి కాన్పయ్యాక, దెబ్బతిన్న కణజాలాన్ని బాగుచేసేటప్పుడు కనబడింది. ఎలుక సాక్ష్యం మనిషికి ఎంత చెల్లుతుందన్నది వేరే తగువు. అసలు ప్రశ్న మాత్రం అక్కడ సూటిగా బయటపడింది: ఈ కణాలు దారి తెరవడానికి వచ్చాయా, దారి తెరుచుకున్నాక శుభ్రం చేయడానికి వచ్చాయా?

ఈ ప్రశ్న మీద అప్పటికే పెద్ద గొడవ జరిగి ఉంది, మరో గుమ్మం దగ్గర. అది ఇన్‌ఫెక్షన్ గుమ్మం. నెలలు నిండకముందే ఉమ్మనీటి సంచి పగలడంలో ఇన్‌ఫెక్షన్ పాత్ర ఉండొచ్చని 1950లోనే నాక్స్, హోర్నర్ రాశారు. 1971లో అమెరికాలో ఎడ్వర్డ్ కాస్ బృందం, మూత్రంలో సూక్ష్మజీవులు లేని గర్భిణుల్లో కూడా టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ వాడినవాళ్లకు తక్కువ బరువు బిడ్డలు తక్కువగా పుట్టారని చెప్పింది. (బిడ్డ పళ్లకూ ఎముకలకూ చేటని ఆ మందును గర్భిణులకు తర్వాత మానేశారు. ఆ మందుల కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడింది మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధనా విభాగాన్ని నడిపిన లెడర్లీలోనే.) 1977లో బాబిట్, లెడ్జర్ ఇంకో మెట్టెక్కారు. సంచి పగలకపోయినా, జ్వరం లేకపోయినా, అకాలపు నొప్పులతో వచ్చిన కొందరి ఉమ్మనీటిలో సూక్ష్మజీవులున్నాయని సూది గుచ్చి తీసి చూపారు.

ఆ సూదిని ఒక పరిశోధనా కార్యక్రమంగా మార్చింది వెనిజులాలో పుట్టిన రొబెర్తో రొమెరో. 1980ల చివర్లో యేల్‌లో ఆయన బృందం అకాలపు నొప్పులతో ఉన్న స్త్రీల ఉమ్మనీటిలో ఎండోటాక్సిన్, ఇంటర్‌ల్యూకిన్-1, ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్ ఒక్కొక్కటీ కొలిచి వరసగా ప్రచురించింది. వాదం వినసొంపుగా ఉంది: సూక్ష్మజీవి వస్తుంది, తల్లీబిడ్డల తెల్లకణాలు సైటోకైన్లనే సంకేత రసాయనాలు వదులుతాయి, అవి పొరల్లో ప్రోస్టాగ్లాండిన్లు పుట్టిస్తాయి, కండరం ముడుచుకుంటుంది, పొర చినుగుతుంది. ఎక్కువగా దొరికింది యూరియాప్లాస్మా, మైకోప్లాస్మా వంటివి. కణకవచం లేనివి, మామూలు కల్చర్‌లో సరిగా పెరగనివి. ఆసుపత్రి ల్యాబ్ ‘ఏమీ లేదు’ అన్నంత మాత్రాన ఏమీ లేనట్టు కాదని అప్పుడు అర్థమైంది. గర్భం ఎంత ముందుగా జారితే లోపల ఇన్‌ఫెక్షన్ ఉండే అవకాశం అంత ఎక్కువ.

డల్లాస్‌లో పాల్ మెక్‌డొనాల్డ్, లిండా కేసీ దీనికి అడ్డం తిరిగారు. ముఖద్వారం తెరుచుకున్నాక ఉమ్మనీటి సంచి కింది భాగం యోని ద్రవాలకూ అందులోని సూక్ష్మజీవులకూ బట్టబయలవుతుంది. అక్కడి కణాలు సైటోకైన్లు కక్కుతాయి. మీరు కొలుస్తున్నది నొప్పుల ఫలితాన్ని, కారణాన్ని కాదు. 1997లో కాక్స్‌తో కలిసి ఇదే మాటను శీర్షికలోనే పెట్టి రాశారు. ఈ వాదానికి ఆ రోజుల్లో దక్కాల్సినంత గౌరవం దక్కలేదని నా అభిప్రాయం. ఒక ద్రవంలో ఒక పదార్థం పెరిగిందని చూపడం తేలిక. పెరిగింది ముందా వెనకా అని చూపడానికి ఓపిక కావాలి, గర్భిణిని పదేపదే సూదితో పొడవకుండా చూసే ఉపాయమూ కావాలి.

ఇన్‌ఫెక్షన్ వరకు ఆ ఉపాయం కోతుల్లో దొరికింది. 1994లో ఒరెగాన్‌లో మైఖేల్ గ్రావెట్, మైల్స్ నోవీ బృందం గర్భంతో ఉన్న రీసస్ కోతుల ఉమ్మనీటిలోకి గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ ఎక్కించి వరసగా కొలుస్తూ పోయింది. ముందు సైటోకైన్లు, తర్వాత ప్రోస్టాగ్లాండిన్లు, ఆ పైనే సంకోచాలు. అకాల కాన్పుల్లో ఒక భాగానికి రొమెరో చెప్పిన వరస నిజమే. నెలలు నిండిన మామూలు కాన్పుకు మాత్రం మెక్‌డొనాల్డ్ ప్రశ్న అలాగే నిలబడింది.

1999లో గ్లాస్గోలో జేన్ నార్మన్ బృందం సిజేరియన్ల సమయంలో గర్భాశయ కండరపు ముక్కలు సేకరించింది. నొప్పులు మొదలైన స్త్రీల కండరంలో న్యూట్రోఫిల్స్, మాక్రోఫేజ్‌లు చొరబడి ఉన్నాయి. నొప్పులు రానివాళ్లలో తక్కువ. ఇంకో నాలుగేళ్లకు ఉమ్మనీటి పొరలు, డెసిడువా అనే గర్భసంచి లోపలి పొర, ముఖద్వారం అన్నింటిలోనూ ఇదే చిత్రమని చూపింది. కాన్పు ఒక ఇన్‌ఫ్లమేషన్ ప్రక్రియ అన్న వాక్యం పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది ఆ తర్వాతే. నొప్పులు మొదలయ్యాక తీసిన ముక్క, కణాలు ఎప్పుడొచ్చాయో చెప్పలేదన్న సంగతి అందులో అడుగున పడిపోయింది.

రోగనిరోధక శాస్త్రవేత్త పీటర్ మెడవార్ పేరు ఎత్తకుండా ఈ సమీక్ష సాగదు గానీ, ఎక్కువసేపు ఆగనక్కర్లేదు. సగం తండ్రిదైన శిశువును తల్లి శరీరం పరాయి అవయవంలా ఎందుకు తోసేయదని 1953లో ఆయన అడిగాడు. దాన్నుంచి ఒక ఆకర్షణీయమైన ఊహ పుట్టింది: తొమ్మిది నెలల ఓర్పు తర్వాత వచ్చే తిరస్కారమే కాన్పు. అయితే తరతరాలుగా అన్నాచెల్లెళ్ల సంపర్కంతో పెంచిన ప్రయోగశాల ఎలుకల్లో తల్లికీ పిల్లకీ జన్యుపరంగా తేడా ఉండదు. తోసేయడానికి పరాయిదేదీ లేదు. అవీ వేళకే ఈనుతాయి. కాన్పులో పనిచేసేది ప్రధానంగా రోగనిరోధక వ్యవస్థలోని పాత, సహజ విభాగం. పరాయిని గుర్తుపట్టే టి-కణాల విభాగం గర్భం నిలపడంలో చేసే పని వేరు.

హార్మోన్లూ కణాలూ కలుసుకున్న చోటు కండరకణం లోపల దొరికింది. ఎన్‌ఎఫ్-కప్పాబి అనే ప్రొటీన్ ఇన్‌ఫ్లమేషన్ జన్యువుల్ని లేపుతుంది. ప్రొజెస్టెరాన్ గ్రాహకం దాన్ని అణచిపెడుతుంది. ఒకటి బలపడితే రెండోది తగ్గుతుంది. 2002లో శామ్ మెసియానో, గ్రాహకంలోని ఎ, బి రకాల పాళ్లు నొప్పుల వేళకు తారుమారవుతాయని చూపాడు. రక్తంలో ప్రొజెస్టెరాన్ తగ్గకపోయినా కండరం దాన్ని వినడం మానేస్తుందన్న మాట. చాపో లెక్క మనిషిలో తప్పడానికి ఇన్నాళ్లకు ఒక సమాధానం దొరికింది. టొరంటోలో లై, షిన్లోవా ఇంకో కొస పట్టుకున్నారు. బిడ్డ పెరిగి కండరం సాగితే, ఆ సాగుడే తెల్లకణాల్ని పిలిచే రసాయనాల్ని పుట్టిస్తుంది. కవలల తల్లులకు ముందే నొప్పులు రావడానికి ఇదొక కారణం కావచ్చు.

2004లో డల్లాస్‌లో కరోల్ మెండెల్సన్ బృందం మరీ అందమైన కథ చెప్పింది. ఎలుక శిశువు ఊపిరితిత్తులు సిద్ధమవగానే సర్ఫాక్టెంట్ ప్రొటీన్-ఎ ఉమ్మనీటిలోకి వస్తుంది. అది శిశువు మాక్రోఫేజ్‌లను రెచ్చగొడుతుంది. అవి తల్లి గర్భసంచి గోడలోకి వెళ్లి ఇన్‌ఫ్లమేషన్ రాజేస్తాయి. ఊపిరి పీల్చడానికి తయారైన బిడ్డే తలుపు తట్టిందన్నమాట. రెండేళ్లకే మనుషుల్లో వెతికితే నొప్పులతో ఉన్న తల్లుల గర్భాశయ కండరంలో శిశువు మాక్రోఫేజ్‌లు కనబడలేదు. సంకేతం మరో దారిన వెళ్లొచ్చని ఆ బృందం తర్వాత వాదించింది. టెక్సస్ గాల్వెస్టన్‌లో రామ్‌కుమార్ మీనన్, వయసుడిగిన ఉమ్మనీటి పొరల కణాలే సూక్ష్మజీవి లేని ఇన్‌ఫ్లమేషన్‌ను పుట్టిస్తాయంటాడు. నాకు వీటన్నిటిలో కనబడేది ఒకటే. ఇన్‌ఫ్లమేషన్ కాన్పు పని చేసే చెయ్యి. ఆ చేతికి పని చెప్పే నోళ్లు అనేకం: సాగిన కండరం, ముసలి పొర, పండిన ఊపిరితిత్తి, లోపలికి జొరబడ్డ యూరియాప్లాస్మా. 2014లో రొమెరో కూడా అకాల కాన్పు అనేక కారణాలున్న ఒక సిండ్రోమ్ అనే చెప్పాడు.

ఇలా చూస్తే చికిత్సలు వరసగా బోల్తా కొట్టడం అంత వింతగా తోచదు. 2001లో ఒరాకిల్ పరీక్షలు వచ్చాయి. అకాలపు నొప్పులొచ్చినా సంచి పగలని 6,295 మంది గర్భిణులపై యాంటీబయాటిక్స్ పరీక్షిస్తే లాభం లేకపోయింది; మందు తీసుకున్నవాళ్ల పిల్లల్ని ఏడేళ్లప్పుడు చూస్తే సెరిబ్రల్ పాల్సీ కాస్త ఎక్కువైంది. సంచి పగిలిన వాళ్లకు ఎరిత్రోమైసిన్ కొంత మేలు చేసింది, ఆ వాడకం మిగిలింది. చిగుళ్ల వాపుకూ అకాల కాన్పుకూ సంబంధం ఉందని 1996లో చెబితే, 2006లో 823 మంది గర్భిణులతో చేసిన పరీక్షలో పళ్లు శుభ్రం చేసినా కాన్పు వేళ మారలేదు. ప్రోస్టాగ్లాండిన్ తయారీని అడ్డుకునే ఇండోమెథాసిన్ నొప్పుల్ని ఆపుతుంది, కానీ శిశువు గుండె దగ్గర డక్టస్ నాళం తెరిచి ఉండడానికీ ప్రోస్టాగ్లాండిన్లే కావాలి. అందుకే 32 వారాలు దాటాక దాని జోలికి పోరు. ప్రొజెస్టెరాన్ రూపాంతరమైన 17-ఓహెచ్‌పీసీ ఇంజెక్షన్‌కు 2011లో అమెరికాలో అనుమతి దొరికింది, 2019 నాటి పెద్ద పరీక్షలో విఫలమైంది, 2023 ఏప్రిల్‌లో అనుమతి రద్దయింది.

ముందా వెనకా అన్న ప్రశ్నకు మామూలు కాన్పులో మొదటి గట్టి జవాబు 2021లో స్టాన్‌ఫర్డ్ నుంచి వచ్చింది. ఉమ్మనీటి సూది అక్కర్లేకుండా 63 మంది గర్భిణుల రక్తాన్ని చివరి వంద రోజుల్లో మళ్లీమళ్లీ తీసి, వేల కొద్దీ ప్రొటీన్లు, జీవరసాయనాలతో పాటు తెల్లకణాల స్పందనల్నీ కొలిచారు. నొప్పులకు రెండు నుంచి నాలుగు వారాల ముందే రక్తంలో ఒక మలుపు కనబడింది. స్టెరాయిడ్ హార్మోన్లు పెరిగాయి. ఇంటర్‌ల్యూకిన్-33ను పట్టి బంధించే గ్రాహకం ఒకటి ఎగబాకింది. అంటే ఇన్‌ఫ్లమేషన్‌కు కళ్లెం వేసే ఏర్పాట్లు కూడా అదే సమయంలో ముమ్మరమయ్యాయి. నొప్పులు రాకముందే రోగనిరోధక వ్యవస్థ సర్దుకుంటోంది, అదీ ఒకవైపు రేపుతూ మరోవైపు పట్టి ఉంచుతూ. మెక్‌డొనాల్డ్ దీన్ని చూసి ఉంటే సగం ఒప్పుకుని ఉండేవాడేమో.

2020లో ప్రపంచంలో సుమారు 1.34 కోట్ల మంది బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారని అంచనా. అందులో 30 లక్షలకు పైగా భారత్‌లోనే. ఆ ఏడాదే వెలువడిన ఆస్పిరిన్ పరీక్ష బెళగావి, నాగపూర్‌లతో పాటు మరో ఐదు దేశాల్లో జరిగింది. తొలిచూలు గర్భిణులు 11,976 మందిలో, ఆరు, పద్నాలుగు వారాల మధ్య మొదలుపెట్టి రోజుకు 81 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ వాడినవాళ్లకు 37 వారాలకు ముందు కాన్పులు 11.6 శాతం, వాడనివాళ్లకు 13.1 శాతం. 1973లో పాత రికార్డుల్లో గర్భాల్ని పొడిగించిన మందే ఇది, కానీ ఈ చిన్న మోతాదు ప్రధానంగా అందేది రక్తపు ప్లేట్‌లెట్లకు. మాయకు రక్తప్రసరణ మెరుగుపడడమే ఈ మేలుకు మూలమని చాలామంది నమ్మకం. ఆ ఒకటిన్నర శాతంలో మాయ వాటా ఎంత, గర్భసంచిలోని ఇన్‌ఫ్లమేషన్ వాటా ఎంత అన్నది ఆ పరీక్ష విడదీసి చూడలేదు.